ఆరుని తొమ్మిది చేసిన వారం

ఏడో సెమిస్టర్‌లో మాకు ప్రొఫెషనల్ ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ అనే సబ్జెక్ట్ ఉండేది. లెక్కలు లేవు, డ్రాయింగులు లేవు కాబట్టి దాన్ని మేం స్టోరీ సబ్జెక్ట్ అనేవాళ్లం. పరీక్ష ముందు రోజు రాత్రి హెడ్డింగులు చూసుకుంటే చాలు, మిగతాది చేతికొచ్చినట్టు నింపేయొచ్చు. నేనూ అలాగే నింపాను. రెండో మిడ్ పరీక్షలో ‘నిజాయితీని నిర్వచించండి’ అని రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. రెండుకి రెండూ పడ్డాయి. ఆ నిర్వచనం రాయడానికి సరిగ్గా మూడు రోజుల ముందు, అదే పెన్నుతో, ప్రాజెక్టు రీడింగ్ ఒకటి దిద్దాను. తమాషా ఏంటంటే, జవాబు రాస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తు కూడా రాలేదు.

ప్రాజెక్టు గురించి కాస్త చెప్పాలి. నలుగురం ఒక బ్యాచ్. సిమెంటులో కొంత తగ్గించి ఆ స్థానంలో ఫ్లై యాష్ కలిపితే ఎం30 రకం కాంక్రీటు బలం ఎలా మారుతుందో చూడటం మా పని. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక పొగతో పాటు వచ్చే మెత్తటి బూడిదే ఫ్లై యాష్. 0, 10, 20, 30, 40 శాతం అని ఐదు మిశ్రమాలు. ఒక్కోదానికి 7 రోజుల పరీక్షకి మూడు క్యూబులు, 28 రోజుల పరీక్షకి మూడు. మొత్తం ముప్పై. ఒక్కో క్యూబు 150 మిల్లీమీటర్ల ఘనం, ఎనిమిది కిలోల బరువు. ముప్పై క్యూబులు పోసి, మర్నాడు మౌల్డులు విప్పి, నీళ్ల ట్యాంకులో దించి, మళ్లీ పైకి తీసిన వాళ్లకి నడుం నొప్పి అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

30 శాతం మిశ్రమానికి 28 రోజులు నిండిన రోజున మూడు క్యూబుల్నీ వరసగా సీటీఎంలో, అంటే క్యూబుని నొక్కి పగలగొట్టే యంత్రంలో పెట్టాం. మొదటిది 860 కిలోన్యూటన్ల దగ్గర పగిలింది, రెండోది 846 దగ్గర. మూడోది 600 దాటగానే పక్కల నుంచి పొరలు రాలడం మొదలెట్టింది. డిస్‌ప్లేలో అంకె 661 దగ్గర ఆగిపోయింది.

క్యూబు ముఖం వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. దానితో భాగిస్తే 38.22, 37.60, 29.38 ఎంపీఏ (మెగాపాస్కల్, అంటే చదరపు మిల్లీమీటరుకి ఒక న్యూటన్). సగటు 35.07. ఎం30 అంటే 28 రోజులకి 30 ఎంపీఏ బలం రావాలి, 35 అంటే బాగానే ఉంది కదా అనుకోవచ్చు. కానీ కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ఒక మాట అంటుంది: మూడింటిలో ఏ ఒక్కటీ సగటుకి 15 శాతం కన్నా ఎక్కువ తేడాతో ఉండకూడదు. ఉంటే ఆ ఫలితమే చెల్లదు. మా సగటుకి కింది హద్దు 29.81. మా మూడో క్యూబు 29.38. అర ఎంపీఏ కూడా తేడా లేదు.

మళ్లీ పోద్దామంటే మళ్లీ 28 రోజులు. కాంక్రీటుతో వచ్చిన చిక్కే అది, బతిమాలినా తొందరపడదు. ప్రాజెక్టు రివ్యూకి ఉన్నది పన్నెండు రోజులు.

ఆ రాత్రి హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు నేనూ, మా బ్యాచ్‌లోనే నాకు బాగా దగ్గరి ఫ్రెండూ కూర్చున్నాం. ఎక్సెల్ షీట్ వాడే తయారుచేశాడు. 15 శాతం హద్దు దాటితే గడి ఎర్రగా మారేలా సెట్ చేశాడు. 30 శాతం వరసలో ఆ ఎరుపు కళ్లలో పొడుస్తోంది.

"మూడోది తీసేసి రెండింటి సగటు వేసేద్దామా?" అన్నాడు.

"మూడు ఉండాలి కదరా. రెండే ఉంటే అడుగుతారు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడు చాలా మామూలుగా అన్నాడు, "661 కాదేమోరా, 691 ఏమో. డిస్‌ప్లే మనం సరిగా చూశామా?"

ఇద్దరం సరిగ్గానే చూశాం. వాడికి తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ మాట ఎంత చక్కగా తలుపు తీసిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ‘దిద్దుదాం’ అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ని కాదేమో. వాడు అడిగింది ‘పొరపాటుగా చూశామేమో’ అని. 691 కొట్టాను. 30.71 అయింది, సగటు 35.5కి చేరింది, గడిలో ఎరుపు పోయింది. గదిలో ఫ్యాన్ శబ్దం తప్ప ఏమీ మారలేదు. అబ్జర్వేషన్ బుక్ తెరిచి అక్కడా దిద్దాను. అక్కడే చిన్న చిక్కు వచ్చింది. ఆరు మీద తొమ్మిది దిద్దితే అది తొమ్మిదిలా ఉండదు, ఎనిమిదిలా ఉంటుంది. ఇంకో రెండుసార్లు పెన్ను తిప్పాను. ఇంకా ఎనిమిదిలాగే ఉంది. వదిలేసి పడుకున్నాను.

ఇంతవరకూ మా ఫ్రెండుకి తెలిసిన కథ. వాడికి తెలియంది ఇంకొకటి ఉంది. క్యూబు పోసేటప్పుడు కాంక్రీటుని మూడు పొరలుగా వేసి, ఒక్కో పొరనీ ట్యాంపింగ్ రాడ్‌తో 35 సార్లు పొడవాలి. లోపల గాలి బయటకి పోవాలి కదా. 30 శాతంలో ఆ మూడో క్యూబే ఆ రోజుకి ఆఖరిది. ల్యాబ్ అటెండర్ అన్న తాళాలగుత్తి చేత్తో ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ చేతులు కడుక్కోడానికి వెళ్లారు. నేను మొదటి పొరని ఇరవై దెబ్బలు కొట్టి ఉంటాను. తర్వాతి రెండు పొరలకీ అసలు లెక్కపెట్టలేదు. పైన కర్ణెతో నున్నగా చేసేశాను. చూడటానికి మిగతా రెండింటికన్నా అదే అందంగా వచ్చింది.

అంటే 661 అనే అంకె యంత్రం తప్పూ కాదు, ఫ్లై యాష్ తప్పూ కాదు. నా బద్ధకానికి యంత్రం వేసిన మార్కు. దాన్ని చెరిపేయడానికి నాకున్న తొందర మా ఫ్రెండుకున్న తొందర కన్నా రెండింతలు.

తర్వాతి వారం ఎథిక్స్ క్లాసులో మేడమ్ ఛాలెంజర్ ప్రమాదం చెప్పారు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకే విడిపోయి ఏడుగురు చనిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. బూస్టర్ రాకెట్ కీళ్ల మధ్య పెట్టే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోతాయని, ప్రయోగం ఆపమని రాకెట్ తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ముందు రోజు రాత్రి ఫోన్ కాన్ఫరెన్స్‌లో మొత్తుకున్నారు. చివరికి వాళ్ల యాజమాన్యమే వాళ్ల మాట పక్కనపెట్టి సరే అంది. మేడమ్ "మీరైతే ఏం చేసేవారు?" అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "ఆపేసేవాళ్లం" అంది. నా గొంతు కూడా అందులో ఉంది. ఇలాంటి ప్రశ్నలకి క్లాసులో తప్పు జవాబు చెప్పేవాడు నాకింతవరకూ తగల్లేదు. ఆ సబ్జెక్టుతో నా పేచీ అక్కడే.

అయితే మేడమ్ అక్కడ ఆగలేదు. బోర్డు మీద రెండు గ్రాఫులు వేశారు. మొదటి దాంట్లో ఓ-రింగులు దెబ్బతిన్న ప్రయోగాలు మాత్రమే, ఏ ఉష్ణోగ్రత దగ్గర అని. చుక్కలు చిందరవందరగా ఉన్నాయి, చలికీ నష్టానికీ సంబంధం ఉన్నట్టు కనబడదు. రెండో దాంట్లో ఏమీ కాని ప్రయోగాల్ని కూడా చేర్చారు. అప్పుడు చూస్తే కథ మారిపోయింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 19 సెల్సియస్, ఆ పైన జరిగిన ఇరవై ప్రయోగాల్లో మూడింట్లోనే ఇబ్బంది. 63 ఫారెన్‌హీట్, ఆ లోపు జరిగిన నాలుగింట్లో నాలుగింటికీ ఇబ్బందే. ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం తన నివేదికలో చూపించిన పోలిక ఇది. ఎవరూ ఏ అంకెనీ దిద్దలేదు. అక్కర్లేదనుకున్న చుక్కలు వదిలేశారు, అంతే.

"మూడోది తీసేద్దామా" అన్న మాట గుర్తొచ్చి పక్కకి చూశాను. మా ఫ్రెండు నోట్సు వెనక పేజీలో ఏదో బొమ్మ గీసుకుంటున్నాడు.

అదే గంటలో మేడమ్ చార్లెస్ బాబేజ్ సంగతి కూడా ఎత్తారు. కంప్యూటర్‌కి తాతలాంటి యంత్రం ఊహించిన బాబేజే. ఆయన 1830లోనే శాస్త్రవేత్తల మోసాల్ని రకాలుగా విడదీశాడట. లేని రీడింగుల్ని పుట్టించడం ఒకటి. వచ్చిన వాటిలో నచ్చినవే ఏరుకోవడం ఒకటి, దానికి వంట అని పేరు పెట్టాడు. మరోటి కత్తిరింపు: సగటుకి బాగా ఎక్కువున్న వాటి నుంచి కాస్త కోసి, బాగా తక్కువున్న వాటికి అతికించడం. మాది కత్తిరింపు జాతిలోదే. ఇంకా అధ్వానం. బాబేజ్ చెప్పిన కత్తిరింపులో సగటైనా మారదు, మేం సగటుని కూడా జరిపేశాం. దాదాపు రెండొందల ఏళ్ల కిందటే మా పనికి పేరు పెట్టి ఉంచారని తెలిసినప్పుడు సిగ్గు కన్నా ముందు నవ్వొచ్చింది.

అయినా ఏమీ చేయలేదు. అంత మంచి క్లాసు విని కూడా నేను ప్రాజెక్టు గైడ్ దగ్గరికి వెళ్లలేదని ఇక్కడ రాయక తప్పదు. వెళ్లింది భయంతో. డ్రాఫ్ట్ చూసిన గైడ్ సార్ "30 శాతం దాకా లాగింది, బాగుందయ్యా. దీన్ని పేపర్‌గా రాసి కాన్ఫరెన్స్‌కి పంపుదాం. అబ్జర్వేషన్ బుక్ కూడా పట్రా, ఓసారి చూస్తా" అన్నారు. ఎనిమిదిలా కనబడే ఆ తొమ్మిది కళ్లముందు కదిలింది.

కోల్‌బెర్గ్ అనే మనస్తత్వవేత్త నైతిక ఎదుగుదలకి మూడు స్థాయిలు, ఆరు మెట్లు చెప్పాడు. పరీక్షలో ఆ మెట్ల బొమ్మ స్కేలు పెట్టి గీశాను కూడా. అట్టడుగు మెట్టు, చిన్నపిల్లలది: దెబ్బలు పడతాయని తప్పు చేయకపోవడం. నేను సరిగ్గా దాని మీదే నిలబడి ఉన్నాను.

భయానికి తోడు మేడమ్ ఇచ్చిన అసైన్‌మెంట్ ఒకటి. నచ్చిన ఇంజనీర్ మీద నాలుగు పేజీలు రాయాలి. తక్కువ చదవొచ్చని విలియం లెమెజూరియర్‌ని ఎంచుకున్నాను. న్యూయార్క్‌లో 59 అంతస్తుల సిటీకార్ప్ భవనానికి స్ట్రక్చరల్ ఇంజనీర్ ఆయన. భవనం కట్టి జనం ఉంటున్నాక, 1978లో, ఒక విద్యార్థి ప్రశ్న వల్ల మళ్లీ లెక్కలేసుకుంటే మూలల మీదుగా వచ్చే గాలికి భవనం తట్టుకోలేకపోవచ్చని తేలింది. పైగా కట్టేటప్పుడు, వెల్డింగ్ చేయాల్సిన కీళ్లకి బోల్టులు వేసి ఉన్నారు. ఆయన దాచుకోలేదు, యజమానులకి చెప్పాడు. రాత్రుళ్లు 200కి పైగా కీళ్ల మీద ఉక్కు పలకలు వెల్డ్ చేశారు. దీన్ని చాలాచోట్ల వీరగాథలా చెబుతారు. నాకు అంత వీరగాథ అనిపించలేదు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో పడుకునేవాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు, అసలు సంగతి 1995 దాకా బయటికే రాలేదు. కానీ ఒక్క విషయం మాత్రం పట్టుకుంది. తన లెక్క తప్పని ఇంకెవరికీ తెలియకముందే ఆయన నోరు విప్పాడు. దొరికాక చెప్పేదానికీ దొరక్కముందు చెప్పేదానికీ ఉన్న తేడా నాకు ఆ నాలుగు పేజీల్లో అర్థమైంది. నా దగ్గర ఇంకో రాత్రి టైముంది.

మర్నాడు పొద్దున్నే గైడ్ సార్ గదికి వెళ్లాను. దారిలో ఏం చెప్పాలో పదిసార్లు అనుకుని వెళ్లాను కానీ లోపలికెళ్లాక అబ్జర్వేషన్ బుక్ ఆయన ముందు పెట్టి ఆ పేజీ తెరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఇది ఆరా, ఎనిమిదా, తొమ్మిదా?"

"ఆరు సార్. నేనే దిద్దాను."

తిడతారనుకున్నాను. ఆయన ఆ అంకెని గోటితో ఒకసారి గీరి చూసి, "సరే, 691 సంగతి తర్వాత. అసలు 661 ఎందుకొచ్చింది?" అన్నారు.

ఈ ప్రశ్న నేను అనుకోలేదు. దిద్దుబాటు ఒప్పుకోడానికి సిద్ధమై వెళ్లాను, రాడ్ దెబ్బల సంగతి కాదు. "ఏమో సార్" అనబోయాను. నోటిదాకా వచ్చింది కూడా. సార్ అప్పటికే లేచి నిలబడ్డారు. "పగిలిన క్యూబులు పడేశారా, ఉన్నాయా?"

ల్యాబ్ వెనక పగిలిన క్యూబుల కుప్పలో వెతికాం. ప్రతి క్యూబు మీదా పెయింటుతో రాసేవాళ్లం. ‘30-3’ అని ఉన్న ముక్క అడుగున దొరికింది. దుమ్ము దులిపి తిప్పి చూస్తే కింది మూల నుంచి మధ్యదాకా తేనెపట్టులా బొక్కలు. కంకర రాళ్లు గులకల్లా విడివిడిగా కనబడుతున్నాయి, వాటి మధ్య గుజ్జే లేదు. సార్ ఒక బొక్కలో చూపుడువేలు పెట్టారు. వేలు మొదటి కణుపు దాకా దిగింది.

"దీన్ని ఎవరు పొడిచారు?"

అప్పుడు చెప్పాను, తాళాలగుత్తి దగ్గర్నుంచి మొత్తం.

ఆయన పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "ఇదే బిల్డింగ్ కాలమ్ అయ్యుంటే?" అని ఒక్కమాట అని ఆపేశారు. తర్వాత గదిలోకి తీసుకెళ్లి దిద్దడం ఎలాగో నేర్పారు. నాలుగేళ్ల చదువులో నేను నేర్చుకున్న వాటిలో రోజూ వాడుతున్నది అదే. తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత, కింద ఏముందో చదవగలిగేలా. వైట్‌నర్ వద్దు, రుద్దొద్దు, మీద మీద దిద్దొద్దు. పక్కన సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ, కారణం ఒక ముక్కలో. నేను ‘పొరపాటు’ అని రాయబోతే పెన్ను పట్టుకుని ఆపారు. "పొరపాటా?" అన్నారు. ‘రీడింగ్ మార్చాను, తిరిగి సరిచేశాను’ అని రాశాను.

అసలు గొడవ ఆ సాయంత్రం మొదలైంది. రిపోర్టులో 30 శాతం వరసలో సగటు తీసేసి మూడు రీడింగులూ ఉన్నవున్నట్టు పెట్టి, ‘కాంపాక్షన్ లోపం వల్ల ఫలితం చెల్లదు’ అని కింద రాయాలన్నారు సార్. కాంపాక్షన్ అంటే గాలి పోయేలా కాంక్రీటుని దట్టంగా కూరడం. పేపర్ ఆలోచన పక్కకెళ్లింది. మిగతా ఇద్దరికీ అప్పటిదాకా అసలేమీ తెలియదు, వాళ్లు బిత్తరపోయారు. మా ఫ్రెండు మాత్రం ఒకటే అడిగాడు: "వెళ్లేముందు నాకో మాట చెప్పాలి కదరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పై అధికారికి ఫిర్యాదు చేసే ముందు సంబంధం ఉన్నవాళ్లతో మాట్లాడి చూడాలని విజిల్ బ్లోయింగ్ (లోపలి తప్పుని బయటపెట్టడం) చాప్టర్‌లో మొదటి పేజీలోనే చదివాం. నలుగురి పేర్లున్న ప్రాజెక్టుని నేనొక్కణ్నే తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, నా గుండె బరువు దించుకుని వచ్చాను. చెప్పడం తప్పు కాదు కానీ, చెప్పిన పద్ధతిలో వాళ్లకి అన్యాయం జరిగింది. మూడు వారాలు వాడు నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. "మిక్స్ షీట్ ఇవ్వు." "రివ్యూ పదింటికి." అంతే.

రివ్యూ సాదాగా జరిగిపోయింది. ప్యానెల్‌లో ఒక సార్ ఆ వరస మీద పెన్ను పెట్టి "ఇదేంటి?" అన్నారు. చెప్పాను. దిద్దిన సంగతి కూడా చెప్పాను. కాంపాక్షన్ మీద రెండు ప్రశ్నలు వేశారు, ఒకదానికి సరిగా చెప్పలేకపోయాను. మార్కులు మామూలుగా వచ్చాయి. ఎవరూ భుజం తట్టలేదు, ఎవరూ తిట్టనూ లేదు.

ఎనిమిదో సెమిస్టర్ మొదట్లో 30 శాతం మిశ్రమం మళ్లీ పోయడానికి ల్యాబ్‌కి వెళ్లాం. కాంక్రీటు కలిపాక నేను రాడ్ తీసుకుంటే మా ఫ్రెండు చీపురు పక్కన పెట్టి మౌల్డు ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు కొట్టు, నేను లెక్కపెడతా" అన్నాడు. వెటకారమో, సాయమో తెలీలేదు. ఒకటి, రెండు, మూడు అని ల్యాబంతా వినబడేలా లెక్కపెట్టాడు. ముప్పై దగ్గర నేను అలసిపోయి ఆగితే "ముప్పైయే" అని వేలు చూపించాడు. మూడో క్యూబు రెండో పొరలో ఉండగా అటెండర్ అన్న తాళాలగుత్తితో గుమ్మంలోకి వచ్చాడు. మేమిద్దరం ఒకేసారి ఆయన వైపు చూసి ఒకేసారి నవ్వాం. ఆయనకేమీ అర్థంకాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

28 రోజుల తర్వాత 842, 857, 871 వచ్చాయి. సగటు 38.07. గడి ఎర్రబడలేదు. మా ఫ్రెండు పాత ఎక్సెల్ ఫైలు ఎక్కడో వెతికి తీసి, రెండు సగటుల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. అప్పటి దిద్దుడు సగటు 35.5.

"అబద్ధమాడి కూడా తక్కువే రాసుకున్నాం కదరా," అన్నాడు.